నగరంలో కలిపాక అందిన సేవలు: 2 స్టార్లు

మా ఇంటిని నగరంలో కలిపేశామని చెప్పే నోటీసు గేటుకు దారంతో కట్టి కనిపించింది. సంతకం అడగలేదు, ఓటింగూ పెట్టలేదు. ఏడాది తిరక్కుండానే నగర పన్ను బిల్లు వచ్చేసింది. డ్రైనేజీ పైపు మాత్రం వీధి మలుపు దగ్గరే ఆగిపోయింది. మట్టిలోంచి దాని మూత ఇంకా బయటికి కనిపిస్తూనే ఉంది. మాకు ఇప్పటికీ సెప్టిక్ ట్యాంకే, బోరు నీళ్లే. చెత్త బండి టైముకు వస్తుంది, అది ఒప్పుకోవాలి. పైపు సంగతి అడిగితే కౌంటర్‌లో "ప్లాన్‌లో ఉంది సార్" అన్నారు. ఎప్పటికి అంటే జవాబు లేదు.

అమెరికాలోని టెక్సాస్‌లో 2019 చట్టం తర్వాత యజమానులో ఓటర్లో ఒప్పుకోకుండా ఇలా కలపడం చాలావరకు ఆగిపోయింది. మాకూ ఆ హక్కు కావాలి. ఆ రెండు స్టార్లూ చెత్త బండి వాళ్లకే.