21 మాత్రల ప్యాకా, 28 మాత్రలదా, అసలు గ్యాపే లేకుండానా: ఏది మేలు?

గర్భనిరోధక మాత్రల గురించి ఎప్పుడు రాసినా వెంటనే వచ్చే ప్రశ్న ఇదే. "21 ఉన్న ప్యాక్ తీసుకోవాలా, 28 ఉన్నదా? మధ్యలో ఆపకుండా వాడేస్తే ఏమన్నా అవుతుందా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నేను మాట్లాడుతున్నది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ అనే రెండు హార్మోన్లూ కలిసి ఉండే రోజువారీ మాత్రల గురించి. ఎమర్జెన్సీ పిల్ సంగతి వేరు.

ఒకే బ్రాండులో 21 మాత్రలదీ 28 మాత్రలదీ పక్కపక్కన పెడితే రెండింట్లోనూ మందు ఒకటే. 21 ఉన్న ప్యాక్ అయిపోయాక ఏడు రోజులు ఏ మాత్రా వేసుకోరు. 28 ఉన్న ప్యాక్‌లో చివరి ఏడు మందు లేని మాత్రలు, కొన్నిట్లో అవి ఐరన్ మాత్రలు. కాబట్టి "ఏది స్ట్రాంగ్?", "ఏది ఒంటికి పడుతుంది?" అని వీటిని పోల్చడంలో అర్థం లేదు. తేడా అంతా హార్మోన్ వేసుకోని ఆ ఏడు రోజులతోనే. ఏ ప్యాక్ మేలన్నది కూడా ఆ ఏడు రోజులే తేలుస్తాయని నా అభిప్రాయం.

అయితే ప్యాక్ సంగతికి ముందు, అసలు ఈ రకం మాత్ర మీకు పనికొస్తుందా లేదా అన్నది తేలాలి. ఇందులోని ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని కాస్త పెంచుతుంది. 35 దాటి సిగరెట్ తాగేవాళ్లకి, బీపీ 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవాళ్లకి, కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో ఒకసారైనా రక్తం గడ్డకట్టినవాళ్లకి, గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవాళ్లకి, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లకి, లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకి ఇది తగదు. బిడ్డకు పాలిస్తుంటే మొదటి ఆరు వారాలు అసలు వద్దు, ఆరు నెలల దాకా కూడా వేరే పద్ధతే మేలంటారు. చాలామంది డాక్టరుకి చెప్పకుండా వదిలేసేది మైగ్రేన్ సంగతి. తలనొప్పి మొదలయ్యే ముందు కళ్ల ముందు మెరుపులో, వంకర గీతలో కనిపించే రకం మైగ్రేన్ ఉంటే ఏ వయసులోనైనా ఈ మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. డాక్టరు "ఏమన్నా జబ్బులున్నాయా?" అనడిగితే తలనొప్పి గుర్తుకు రాదు, అదొక జబ్బని మనం అనుకోం కదా! మొదలుపెట్టే ముందు తప్పకుండా చేయించుకోవాల్సింది ఏదైనా ఉందంటే బీపీ పరీక్ష. రెండు నిమిషాల పని.

గడ్డకట్టడం అనగానే హడలిపోనక్కర్లేదు, లెక్క చూడండి. ఐరోపా మందుల ఏజెన్సీ 2013లో చెప్పిన ప్రకారం, మాత్ర వాడని, గర్భం లేని స్త్రీలు పదివేల మందిలో ఏడాదికి ఇద్దరికి సిరల్లో గడ్డకడుతుంది. లెవోనార్జెస్ట్రెల్ అనే రకం ప్రొజెస్టోజెన్ ఉన్న మాత్ర వాడితే అది 5 నుంచి 7. డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరినోన్ అనే రకాలు ఉన్నవైతే 9 నుంచి 12. గర్భం వచ్చినప్పుడు ఉండే ముప్పు వీటన్నిటికంటే ఎక్కువే. అందుకే మొదటిసారి వాడేవాళ్లకి లెవోనార్జెస్ట్రెల్ మాత్ర మేలంటాను. ఎవరు ఏది వాడినా ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఆ ఏడు రోజులు.

వరుసగా ఏడు రోజులు మాత్ర పడితే అండాశయం పని మానుకుంటుంది. మందు ఆపగానే మెల్లగా మళ్లీ కదలడం మొదలుపెడుతుంది. ఏడో రోజుకి చాలామందిలో అండం తయారయ్యే పని కొంత దూరం వచ్చేసి ఉంటుంది. ఎనిమిదో రోజు కొత్త ప్యాక్‌లోని మొదటి మాత్ర పడితే అక్కడితో ఆగిపోతుంది. పడకపోతే ముందుకే సాగుతుంది. ఇప్పుడొస్తున్న మాత్రల్లో ఈస్ట్రోజెన్ 20 నుంచి 35 మైక్రోగ్రాములే. 1960లో అమెరికాలో అనుమతి పొందిన తొలి మాత్రలో ఆ రకం హార్మోన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. మోతాదు తగ్గడం ఒంటికి మంచిదే, కానీ ఆలస్యానికి ఉన్న వెసులుబాటు కూడా దాంతోపాటే తగ్గింది.

ఒక వారం లెక్క వేసి చూద్దాం. మీరు సోమవారం మొదలుపెట్టారు, 21వ మాత్ర ఆదివారం రాత్రి వేసుకున్నారు. సోమవారం నుంచి ఆదివారం దాకా విరామం. ఆ మరుసటి సోమవారం కొత్త ప్యాక్. సోమవారం మర్చిపోయారు, మంగళవారం కొత్త స్ట్రిప్ కొనడం కుదర్లేదు, బుధవారం మొదలుపెట్టారు. మీ దృష్టిలో పోయింది రెండు మాత్రలే. అండాశయానికి మాత్రం తొమ్మిది రోజులు సెలవు దొరికింది. అవే రెండు మాత్రలు ప్యాక్ మధ్యలో, పది పన్నెండు వేసుకున్నాక మర్చిపోయి ఉంటే దానికి దొరికేది రెండు రోజులే, ముప్పు చాలా తక్కువ.

జనం పడే టెన్షన్ మాత్రం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. మధ్యలో ఒక మాత్ర మర్చిపోతే రాత్రంతా నిద్ర పట్టదు. కొత్త ప్యాక్ రెండ్రోజులు లేటయితే "ఎలాగూ పీరియడ్స్ అప్పుడే అయ్యాయి కదా" అని ఊరుకుంటారు. ఇంకొందరు రక్తం పూర్తిగా ఆగాక మొదలుపెడదామని ఎదురుచూస్తారు. ఇంకా రాలేదు, వచ్చాక మొదలుపెడదాం అనుకునేవాళ్లూ ఉన్నారు. రక్తం వచ్చిందా, ఆగిందా అన్నదానితో సంబంధమే లేదు. ఎనిమిదో రోజు మాత్ర నోట్లో పడాలి, అంతే. ప్రతి ప్యాక్ వారంలో అదే రోజున మొదలవుతుంది కాబట్టి ఆ రోజు పేరు గుర్తుంటే చాలు. ప్యాక్ చివర్లో రెండు మూడు మర్చిపోయి, దాని మీద మళ్లీ ఏడు రోజులు ఆపడం కూడా ఇలాంటి పొరపాటే.

ఈ కోణంలో చూస్తే 21, 28ల్లో నా ఓటు 28కే. ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం అనే బాధ ఉండదు. రోజుకొకటి, స్ట్రిప్ అయిపోగానే మర్నాడే ఇంకొకటి. 28 స్ట్రిప్‌లో చివరి వరస రంగు వేరుగా ఉంటుంది, వరస ఎటు సాగాలో చూపే బాణం గుర్తులు కూడా చాలావాటి మీద అచ్చేసి ఉంటాయి. ఆ రంగు మాత్రల దగ్గరికి వచ్చామంటే కొత్త స్ట్రిప్ తెచ్చి పెట్టుకునే టైమ్ అయిందన్నమాట. 21 స్ట్రిప్‌లో ఆ హెచ్చరిక లేదు. ఖాళీ రేకు బ్యాగులో ఏ మూలో పడి ఉంటుంది.

28తో చిక్కులు లేకపోలేదు. "వాటిలో మందేం లేదుగా" అని చివరి వరస పారేస్తే అది 21 ప్యాకే అవుతుంది, లాభం పోయినట్టే. తొందర్లో కొత్త స్ట్రిప్‌ని రంగు మాత్రల వైపు నుంచి మొదలుపెడితే గ్యాప్ పెరిగిపోతుంది. మందు లేని మాత్ర మర్చిపోతే మాత్రం ఏమీ కాదు.

21 ఎవరికి నయం? ఫోన్ అలారం నిక్కచ్చిగా పాటించేవాళ్లకి ఏదైనా ఒకటే. ఒక చిట్కా: విరామంలో కూడా అలారం ఆపకండి. ఆపిన అలారం మళ్లీ పెట్టడం మర్చిపోతాం, సరిగ్గా ఎనిమిదో రోజే. ఇక అసలు విరామమే వద్దనుకునేవాళ్లకి 21 ప్యాక్ ఇంకా సులువు. పారేయాల్సినవి ఏవో వెతుక్కోనక్కర్లేదు.

విరామమే వద్దనుకోవచ్చా? వచ్చు. ఈ మాత్రలు వాడేటప్పుడు నెలనెలా వచ్చేది అసలు నెలసరి కాదు. హార్మోన్ ఒక్కసారిగా ఆగడం వల్ల గర్భసంచి పొర రాలి వచ్చే రక్తం. "మరి రాకపోతే ఆ చెడు రక్తం లోపలే పేరుకుపోదా?" అని అడుగుతారు. పేరుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. మాత్ర వేసుకుంటున్నంతకాలం ఆ పొర పల్చగానే ఉంటుంది. 1950ల్లో తొలి మాత్రని తయారుచేసిన పరిశోధకులు గ్రెగరీ పింకస్, జాన్ రాక్ దాన్ని పరీక్షించినప్పుడే మధ్యలో ఆపి రక్తం రానిచ్చే పద్ధతి పెట్టారు. అది సహజంగా అనిపిస్తుందనీ, గర్భం రాలేదన్న ధీమా ఉంటుందనీ. ఒంటికి అది కావాలని కాదు. బ్రిటన్‌లో గర్భనిరోధక పద్ధతులపై మార్గదర్శకాలిచ్చే వైద్యుల ఫ్యాకల్టీ 2019లో ఆ ఏడు రోజుల విరామం వల్ల ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదని తేల్చి చెప్పింది. విరామాన్ని నాలుగు రోజులకి కుదించవచ్చు, మూడు ప్యాకులు వరసగా వేసుకుని నాలుగు రోజులు ఆపవచ్చు, లేదా ఆపకుండానే వాడవచ్చు అంది.

దాపరికం ఎందుకు, నా మొగ్గు మూడు ప్యాకులు వరసగా వేసుకుని నాలుగు రోజులు ఆపే పద్ధతి వైపే. ఏడాదికి పదమూడు సార్లు వచ్చే ప్రమాదకరమైన మలుపు ఇందులో ఐదారు సార్లే వస్తుంది, అదీ నాలుగు రోజులది. ఒకటి రెండు రోజులు లేటైనా ఏడు దాటదు. విరామంలో తలనొప్పి, కడుపునొప్పి వేధించేవాళ్లకి అదనపు లాభం. ఇబ్బంది ఒక్కటే, మొదటి కొన్ని నెలలు అనుకోకుండా మరకలు కనిపిస్తాయి. అది మందు పనిచేయట్లేదనడానికి గుర్తు కాదు, పోనుపోను తగ్గుతుంది. ఆ చికాకు భరించలేనివాళ్లు, నెలనెలా రక్తం కనిపిస్తే తప్ప మనసు కుదుటపడనివాళ్లు 28తోనే ఉండండి, తప్పేం లేదు. మరో మాట: చాలా ప్యాకుల లోపలి కాగితంలో ఇప్పటికీ పాత ఏడు రోజుల లెక్కే ఉంటుంది, కాబట్టి వరసగా వాడే ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. మందు మాత్రల రంగు, మోతాదు వారం వారం మారే రకమైతే ఈ పద్ధతి ఉన్నదున్నట్టు కుదరదు.

24 మందు మాత్రలు, 4 ఉత్తవి ఉండే ప్యాక్ మధ్యేమార్గం. నెలనెలా రక్తం వస్తుంది, గ్యాప్ చిన్నది. దొరికితే మంచిదే. కాకపోతే వీటిలో డ్రోస్పిరినోన్ ఉన్నవి ఎక్కువ, పైన చెప్పిన గడ్డల లెక్క గుర్తుంచుకోండి.

ఏ ప్యాకైనా మర్చిపోయినప్పటి నియమం ఒకటే. ఒక్క మాత్ర పోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, అవసరమైతే ఒకే రోజు రెండు, మిగతావి మామూలుగానే. వరసగా రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ పోతే చివరగా మర్చిపోయినది ఒక్కటి వేసుకుని, మిగతావి వదిలేసి, వరసగా ఏడు మాత్రలు పడేదాకా కండోమ్ వాడండి. అవి మొదటి వారంలో పోయి, గడిచిన ఐదు రోజుల్లో కలయిక జరిగి ఉంటే ఎమర్జెన్సీ పిల్ గురించి అడగండి. మూడో వారంలో పోతే విరామం తీసుకోకుండా (28లో అయితే రంగు మాత్రలు వదిలేసి) నేరుగా తర్వాతి ప్యాక్‌కి వెళ్లండి. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. మామూలు యాంటీబయాటిక్స్‌తో భయం లేదు. కానీ టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే ఫెనిటోయిన్, కార్బమాజెపిన్ లాంటివి ఈ మాత్రల బలాన్ని తీసేస్తాయి, ఆపాక కూడా నాలుగు వారాలు. వాళ్లకి ప్యాక్ మార్చడం కాదు, పద్ధతే మార్చాలి.

తప్పు లేకుండా వాడితే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికే గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో వందమందిలో దాదాపు ఏడుగురికి. ఈ తేడాలో పెద్ద వాటా మర్చిపోవడానిదే, అందుకే గ్యాప్ గురించి ఇంత చెప్పింది.

"ఏడాది వాడాం, ఒంటికి కాస్త రెస్ట్ ఇద్దాం" అని రెండు మూడు నెలలు ఆపి మళ్లీ మొదలుపెట్టడం అసలు మంచిది కాదు. గడ్డకట్టే ముప్పు మొదటి ఏడాదే ఎక్కువ. నాలుగు వారాలో అంతకంటే ఎక్కువో ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ ఎక్కువ ముప్పు తిరిగి వస్తుంది. పెద్ద ఆపరేషన్ ఉంటే మాత్రం నాలుగు వారాల ముందే ఆపాలి, ఈలోగా వేరే పద్ధతి పాటించాలి.

చర్మానికి అంటించుకునే ప్యాచ్, యోనిలో పెట్టుకునే రింగ్‌లలోనూ ఈస్ట్రోజెన్ ఉంటుంది, జాగ్రత్తలు ఇవే. ఒక్క ప్రొజెస్టోజెన్ మాత్రమే ఉండే మినీ పిల్ ఈస్ట్రోజెన్ పడనివాళ్లలో చాలామందికి దారి చూపిస్తుంది, దాని టైమింగ్ నియమాలు వేరు.

21 నుంచి 28కి మారాలనుకుంటే ఇప్పటి స్ట్రిప్ పూర్తి చేయండి. విరామం తీసుకోకుండా మర్నాడే 28లోని మొదటి మందు మాత్ర వేసుకోండి, అప్పుడు కండోమ్ అవసరం ఉండదు. ఆ నెల రక్తం రాకపోవచ్చు, ఈ 28 స్ట్రిప్ రంగు మాత్రలప్పుడు రావచ్చు.