మీటర్ ఫొటో తీసి రీడింగ్ చెప్పే కెమెరా కిట్లు: అడ్వాన్స్ కట్టేముందు చూసుకోండి

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరులో కిరాయి పోర్షన్లు, అపార్ట్‌మెంట్లు ఉన్నవాళ్లకు హెచ్చరిక. కరెంటు మీటర్ ముందు బిగిస్తే ఫొటో తీసి యూనిట్లు ఫోన్‌కు పంపే కెమెరాలను "99 శాతం కరెక్ట్" అని అంటగడుతున్నారు. ఆ 99 చాలాసార్లు ఒక్కో అంకెకు లెక్క. ఆరంకెల రీడింగ్‌లో ఆరూ సరిగ్గా రావాలంటే 0.99ని ఆరుసార్లు గుణించాలి, వచ్చేది 0.94, అంటే 94 శాతం. నలభై పోర్షన్లుంటే నెలకు రెండు మూడు బిల్లులు తప్పుతాయి.

సులువుగా తప్పే అంకె 8. మీటర్ అద్దం మీద వెలుతురు పడి నడిమి గీత కనబడకపోతే అది 0 అయిపోతుంది. 4280ని 4200గా చదివిందనుకోండి, కిందటి రీడింగ్ 4050 అయితే 230 యూనిట్లు కాలినా 150 అనే చూపిస్తుంది. గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం 200 యూనిట్ల హద్దు చూసుకోవడానికి దీన్ని నమ్ముకున్న ఇంటికి మొత్తం బిల్లు పడుతుంది. పుస్తకాల అక్షరాలు చదివే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను అలాగే పెట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. ఏడు గీతల ఎల్‌సీడీ అంకెలు దానికి సరిగ్గా అందవు.

ఇంకోటి, మీటర్ తెర ఒక్క రీడింగే చూపించదు. యూనిట్లు, ఎండీ (గరిష్ఠ లోడు), వోల్టేజీ, తేదీ వంతులవారీగా వస్తుంటాయి. ఒకే ఫొటో తీసే కిట్ 231 వోల్టులను కూడా యూనిట్లుగా రాసేయొచ్చు. పక్కనున్న కేడబ్ల్యూహెచ్ (యూనిట్లని చెప్పే) గుర్తు చదివాకే అంకె తీసుకునేది కావాలి. దశాంశ చుక్క జారితే 1234.5 కాస్తా 12345 అవుతుంది. నీళ్ల మీటర్లలో చక్రం 4కూ 5కూ మధ్య ఆగినప్పుడు కూడా ఇదే తంటా.

డబ్బా లోపల సాధారణంగా ఉండేది వెయ్యి రూపాయల లోపు దొరికే ఈఎస్‌పీ32-క్యామ్ అనే చిన్న కెమెరా బోర్డు. దాని లెన్స్ దూరానికి ఫోకస్ చేసి వస్తుంది, మీటర్‌కు జానెడు దూరంలో అంకెలు అలుక్కుపోతాయి. లెన్స్ మీది జిగురు చుక్క గీకి, కొద్దికొద్దిగా తిప్పి సరిచేయాలి. బోర్డు మీది ఫ్లాష్ నేరుగా అద్దానికి కొడుతుంది. దాన్ని ఆపి, పక్క నుంచి తెల్ల కాగితం అడ్డుపెట్టిన చిన్న ఎల్‌ఈడీ వేయాలి. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ లేకపోతే ఫొటో తీసే క్షణంలో బోర్డు రీసెట్ కావచ్చు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పట్టుతుంది, ఇనుప మీటర్ పెట్టె మూత వేస్తే అదీ అందకపోవచ్చు.

డిపార్ట్‌మెంట్ మీటర్ బాడీకి స్క్రూ కొడతామంటే అస్సలు ఒప్పుకోకండి. సీలు కదిలితే విద్యుత్ చట్టం 2003లోని 135వ సెక్షన్ (కరెంటు దొంగతనం) కింద కేసు మీ మీదికి రావచ్చు.

కొనాల్సిందే అంటే మీ సొంత మీటర్లవే ఇరవై ఫొటోలు తీయండి: మిట్టమధ్యాహ్నం, రాత్రి, దుమ్ము పట్టిన అద్దంతో. వాటిని వాళ్ల ముందే చదివించండి. ప్రతి రీడింగ్‌తో పాటు అసలు ఫొటో దాస్తుందా, కిందటిదాని కంటే తగ్గినా, ఉన్నట్టుండి ఎగిరినా ఆపి అడుగుతుందా, కంపెనీ సర్వర్ ఆగితే పనిచేస్తుందా, ఏడాదికి ఫీజు ఎంత, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కిరాయి పోర్షన్ల సబ్‌మీటర్లకైతే మా మాట వినండి, కెమెరానే వద్దు. ఆర్ఎస్485 (రీడింగ్‌ను తీగ ద్వారా పంపే కనెక్షన్) ఉన్న సబ్‌మీటర్ వేయించండి. అంకె తీగలోంచే వస్తుంది, ఫొటో చదవడంలో వచ్చే తప్పులు ఉండవు.