రైడ్ మూసి ఉందని స్టార్ కట్ చెయ్యకండి: మా పాత పార్కు మీద చాలా ఏళ్ళ రివ్యూ

ఈ పార్కుకి ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళు రాసినవన్నీ కూర్చుని చదివాను. అందరి గొడవా ఒకటే, సగం రైడ్లు మూసేశారు, ఎక్కడ చూసినా రేకులు అడ్డం కట్టారు, డబ్బులు దండగ, పాతబడిపోయింది వెళ్ళొద్దు అని. కోపం న్యాయమే, పిల్లల్ని వేసుకుని ఎండలో అంత దూరం వెళ్ళి టికెట్ కొన్నాక కొలంబస్ (అదే, ఊగే పెద్ద పడవ రైడ్) లేదంటే ఎవరికైనా మండుద్ది. కానీ మూసి ఉన్న రైడ్ చూసి పార్కు పాడైపోయింది అనుకోవడం మాత్రం కరెక్ట్ కాదండి, చాలాసార్లు దానికి రివర్సు, అది చెప్దామనే ఇంత పెద్దది రాస్తున్నా.

మాది విజయవాడ. పెద్దమ్మాయి ఎల్‌కేజీలో ఉన్నప్పుడు మొదటిసారి తీసుకెళ్ళాం, ఇప్పుడది ఇంటర్. ఈలోపు వేసవి సెలవులు, సంక్రాంతి, గుంటూరు నుంచి మా ఆడపడుచు వాళ్ళొచ్చారని మా ఆవిడ బయల్దేరదీసినప్పుడు, ఇట్టా వెళ్తానే ఉన్నాం. నేను ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేస్తా, వెల్డింగు, గ్రైండింగు, పెయింటు రోజూ నా కళ్ళ ముందు ఉండేవి, అందుకే పార్కులో అందరూ పైకి చూస్తే నేను జాయింట్లు చూస్తా. పార్కు పేరు మాత్రం రాయట్లేదు. కింద కొన్ని ఘాటు మాటలు ఉన్నాయి, పేరు పెడితే అవి ఎండలో నిలబడి బెల్టులు పెట్టే కుర్రాళ్ళ మీద పడతాయి, తప్పు వాళ్ళది కాదు.

ముందు కొలంబస్. చాలామందికి తెలియదు, ఆ పడవని ఊపేది పైనుండే మోటారు కాదు, అడుగున టైరు తిరుగుతా పడవ పొట్టని రాసుకుంటా తోస్తది, ఆపేటప్పుడు కూడా అదే టైరు పట్టుకుంటది. టైరు అరిగితే, గాలి తగ్గితే ఊపు తగ్గుద్ది, జనం "ఈసారి మజా లేదు" అంటారు, అంతే, అది పెద్ద ప్రమాదం కాదు. అసలు బరువంతా పైన షాఫ్టు మీద, దాని రెండు పక్కల బేరింగుల మీద, అక్కణ్ణించి కిందకి దిగే చేతుల వెల్డింగుల మీద ఉంటది. పడవ ఇటు ఊగినప్పుడు ఒక వైపు లాగుద్ది, అటు ఊగినప్పుడు ఇంకో వైపు లాగుద్ది, రోజంతా ఇదే, ఏళ్ళ తరబడి ఇదే, లోడు ఎక్కువయ్యి కాదండి, ఊగి ఊగి ఇనుము అలిసిపోయి ఎక్కడో మూల సన్నటి పగులు మొదలవుద్ది. పైన రెండు కోట్లు పెయింటు ఉంటే ఆ పగులు ఎవడికీ కనపడదు. లారీ ఛాసిస్‌కీ ఇదే జబ్బు, కొత్త రంగేసుకుని తళతళలాడతా వచ్చిన బండి కిందే మేము ఎక్కువసేపు పడుకుంటాం.

ఒక ఏడాది వేసవి సీజన్‌కి ముందు వెళ్తే కొలంబస్ చుట్టూ రేకులు కట్టేసి ఉంది. పిల్లలు డీలా పడిపోయారు, నేను మాత్రం రేకుల సందులోంచి చూశా. చేతులు రెండూ కిందకి దింపి దిమ్మెల మీద పెట్టారు, పెయింటు మొత్తం గీకి పచ్చి ఇనుము బయటపెట్టారు, ఒక పెద్దాయన ఎర్ర డబ్బా స్ప్రే కొడతన్నాడు. "బాబాయ్, డీపీ టెస్టా?" అని అడిగా, కంటికి కనపడని పగుళ్ళని రంగుతో పట్టే పరీక్ష అది. ఆయన తిరిగి చూసి "అవును బాబూ, నీకెట్టా తెలుసు?" అన్నాడు, షెడ్డు పేరు చెప్పాక లోపలికి రమ్మన్నాడు, తెనాలి వైపు మనిషి. ఎర్ర రంగు కొట్టి కాసేపు ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచేసి, తెల్లటి డెవలపర్ కొట్టాడు. సున్నం పూసినట్టు తెల్లబడింది, నిమిషం అయ్యాక ఆ తెలుపులో ఒక మూల, పలక వచ్చి పైపుని కలిసే చోట, ఎర్రటి వెంట్రుక అంత గీత పైకి తేలింది. అర వేలు పొడుగు కూడా లేదు. "పోయినేడు రంగేసి తోసేద్దాం అన్నారు, నేనే ఒప్పుకోలా, ఇదిగో చూడు" అన్నాడాయన. ఆ గీతని మొదలంటా తవ్వేసి మళ్ళీ వెల్డింగ్ పట్టి మళ్ళీ ఇదే టెస్టు చెయ్యాలి, చేతులకి, షాఫ్టుకి, పిన్నులకి అన్నిటికీ, బేరింగులు కడిగి కొత్త గ్రీజు ఎక్కించాలి, అదంతా అయ్యేసరికి ఆ వేసవి సగం పోయింది. ఆ వేసవిలో వచ్చిన రివ్యూలు చూడండి, "కొలంబస్ లేదు, వరస్ట్" అని వరస పెట్టి ఉంటాయి. ఆ పెద్దాయన చేసిన పనికి మనం ఇచ్చిన మార్కులు అవి, చదువుతుంటే నాకు బాధేసింది.

2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో పెండ్యులం రైడ్ జనం కూర్చుని ఉండగా ఊగుతా ఊగుతా విరిగి పడింది, ఇద్దరు చనిపోయారు, ఇంకా చాలామందికి దెబ్బలు తగిలాయి. ఆ వీడియో చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటది. మన దేశంలో రైడ్లకి ఐఎస్ 15475, వాటర్ పార్కులకి ఐఎస్ 15492 అని స్టాండర్డులు ఉన్నాయి, కాగితం మీద లోటు లేదు, కానీ కాగితం తీసుకుని నిచ్చెన ఎక్కి పెయింటు గీకేవాడు ఉండాలి, గీకడానికి రైడ్ ఆపుకునే ఓపిక ఓనరుకి ఉండాలి. ఇక్కడ కొలంబస్ విషయంలో రెండూ ఉన్నాయి, అందుకే నా పిల్లల్ని ఇప్పటికీ అందులో ఎక్కిస్తా.

జెయింట్ వీల్ కూడా పర్లేదు. బకెట్లు వేలాడే పిన్నుల దగ్గర బుష్‌లు మార్చారు, అంతకుముందు పైకెళ్ళేసరికి కీచుమని అరిచేది, ఇప్పుడు అరవట్లా. తలుపు గొళ్ళేనికి రెండో లాకు పెట్టారు, మంచి పని.

ఇక వరద. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ అంతా మునిగినప్పుడు ఈ పార్కులోకి కూడా నీళ్ళొచ్చి నిలబడ్డాయి, పల్లపు జాగా కదా. నీళ్ళు తీశాక అందరూ కంగారుగా చేసే పని మోటారు స్విచ్చి వేసి చూడటం, అక్కడే కాలిపోద్ది. వీళ్ళు ఆ పని చెయ్యలేదు. మోటార్లు అన్నీ ఊడదీసి బురద మంచి నీళ్ళతో కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి చూసి, రీడింగ్ రానివి రీవైండింగ్‌కి పంపారు, మా వీధిలో రీవైండింగ్ షాపు ముందు ఆ పార్కు మోటార్లు వరసగా పెట్టి ఉండటం నేనే చూశా. పార్కు చాలా నెలలు తెరవలేదు, తెరిచాక కూడా ఒక్కో రైడే వదిలారు. దానికీ తిట్లే. అదే వరదకి ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చి, కొట్టుకొచ్చిన పడవలు గుద్ది గేట్ల కౌంటర్ వెయిట్లు (గేటుకి తూకంగా ఉండే బరువులు) విరిగితే డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి లాంటి పెద్దాయన్ని రప్పించి కొద్ది రోజుల్లోనే కొత్తవి బిగించారు, మన బెజవాడ వాళ్ళందరం చూశాం, మెచ్చుకున్నాం. రిపేరు చేసేవాణ్ణి మెచ్చుకోవడం మనకి చేతనవును, పార్కు దగ్గరే ఎందుకో మర్చిపోతాం.

అయితే అన్నీ పొగడ్తలే అనుకోకండి. డాషింగ్ కార్లు వరదకి పోయాయి, అడుగున చెక్క ఉబ్బి పైన ఇనప ప్లేట్లు లేచిపోయాయి, ఇప్పటిదాకా అటు ఎవరూ తిరిగి చూడలేదు. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా గుడ్డలు పేర్చారు. మూసి పని చేయడం వేరు, మూసి వదిలెయ్యడం వేరు. తేడా ఎట్టా తెలుస్తది అంటారా, రేకుల వెనక నిచ్చెన, గ్రైండరు వైరు, గీకిన ఇనుము, రెడాక్సైడ్ వాసన ఉంటే పని జరుగుతున్నట్టు. గడ్డి మొలిచి గోనె సంచులుంటే ఆ రైడ్ ఇక రాదు, మ్యాప్‌లోంచి తీసేసి నిజం చెప్పేస్తే మంచిది.

వాటర్ స్లైడ్లు ఈ పార్కులో నాకు అన్నిటికంటే దిగులు. ఫైబర్ స్లైడ్‌కి పైన నున్నగా మెరిసే పొర ఉంటది, జెల్‌కోట్ అంటారు, మన ఎండకి అది ముందు వెలిసిపోద్ది, తర్వాత పిండి పిండిగా రాలుద్ది, ఆ తర్వాత లోపలి గాజు నార బయటపడుద్ది. పోయినేడు మా చిన్నది పసుపు స్లైడ్ దిగి తొడల వెనక దురద దురద అని ఒకటే ఏడుపు, చూస్తే ఎర్రగా సన్నటి గీతలు. నేను పైకెక్కి రెండో మలుపు దగ్గర చెయ్యి పెట్టి చూశా, ముక్క, ముక్క కలిసే చోట అంచు ఒక వైపు పైకి లేచి గోరుకి తగులుతుంది, పక్కన అరచెయ్యంత మేర నార తేలి గరుగ్గా ఉంది. అక్కడున్న కుర్రాడికి చూపించా, "చెప్పాం సార్, సీజన్ అయ్యాక చేస్తామన్నారు" అన్నాడు. ఇది సీజన్ అయ్యేదాకా ఆగే పని కాదండి, నార దాకా రుద్ది, రెజిన్ పట్టించి, మళ్ళీ జెల్‌కోట్ వేసి, నీళ్ళ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) సాపు చెయ్యడానికి ఒక మలుపుకి మహా అయితే మూడు నాలుగు రోజులు. కొలంబస్‌ని ఆపిన మేనేజ్‌మెంట్ ఈ స్లైడ్‌ని ఎందుకు ఆపలేదో అర్థం కాదు. తర్వాత బాగు చేశారు, మొన్న చెయ్యి పెట్టి చూశా నున్నగానే ఉంది, కానీ ఒక వేసవంతా పిల్లలు దాని మీదే దిగారు. మీ పిల్లల్ని పంపేముందు మీరొకసారి దిగి చూడండి.

నీళ్ళ సంగతి కూడా చెప్తా. పూల్ దగ్గర ఘాటు వాసన వస్తే "క్లోరిన్ ఎక్కువేశారు" అంటారు, నిజానికి చెమట, మూత్రం కలిసి క్లోరిన్ దాంతో అంటుకుపోతే వచ్చే వాసన అది, అంటే పనికొచ్చే క్లోరిన్ తగ్గిపోయినట్టు. ఉదయం వెళ్తే ఇక్కడ నీళ్ళ అడుగున టైల్స్ గీతలు క్లియర్‌గా కనపడతాయి, ఆదివారం మూడు గంటలు దాటాక కనపడవు. ఆదివారం మధ్యాహ్నం పూల్లో దిగొద్దు, అంతే.

కొత్త నిర్మాణాల మీద మాత్రం నాకు గట్టి కంప్లయింటు ఉంది. గేటు దగ్గర పెద్ద కోట ఆర్చి కట్టారు, లైట్లు పెట్టారు, ఫోటోలకి బాగుంది. లోపల పాత గుహ ఉంది చూడండి, ఇనప చువ్వల మీద కోళ్ళ మెష్ చుట్టి సిమెంటు రాయిలాగా చెక్కింది, దాని నెత్తిన పగుళ్ళలో రావి మొక్కలు మొలిచాయి, మా పెద్దది ఏడో క్లాసులో ఉన్నప్పుడు వేలెడు, ఇప్పుడు వేళ్ళు గోడ దిగి కనపడుతున్నాయి. ఏడాదికోసారి ఒక మనిషి ఎక్కి వేరుతో సహా పీకి, పగులు నింపితే పోయేది. ఇప్పుడు పీకితే సిమెంటు పెళ్ళలు కూడా వస్తాయి, లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బి పెచ్చు ఊడుతుంది, పైన మాత్రం ఏటా ఆకుపచ్చ ఎనామిల్ వేస్తున్నారు. పిల్లలు దాని కిందే నడుస్తారు. ఆర్చికి పెట్టిన దాంట్లో కొంచెం పెడితే గుహ అయిపోయేది. వేవ్ పూల్ టైల్స్ పని కూడా మొదలుపెట్టి సగంలో ఆపారు, కాంట్రాక్టరు మారాడని కౌంటర్లో చెప్పారు.

కాలిఫోర్నియా డిస్నీలాండ్ 1955లో తెరిచింది, ఇప్పటికీ నడుస్తుంది. వాళ్ళూ రైడ్లు వంతులవారీగా మూస్తారు, ఏది ఎప్పుడు మూస్తారో ముందే క్యాలెండర్‌లో పెడతారు, జనం చూసుకుని వెళ్తారు. ఇక్కడ అంత హంగు అక్కర్లేదు, టికెట్ కౌంటర్ దగ్గర ఒక నల్ల బోర్డు, ఈరోజు లేనివి ఇవి, ఎందుకు లేవంటే ఇందుకు, ఎప్పుడు వస్తాయంటే అప్పుడు, అని సుద్దముక్కతో రాస్తే సగం తిట్లు ఆగిపోతాయి. మూడు పెద్ద రైడ్లు లేనప్పుడు టికెట్ తగ్గించాలి కూడా, ఫుల్ రేటు తీసుకుని లోపలికెళ్ళాక రేకులు చూపిస్తే మోసం చేసినట్టే ఉంటది. మేనేజర్‌కి రాసిచ్చా, చూస్తామన్నారు.

ఒక మాట వాళ్ళ వైపు నుంచి. మన దగ్గర పని చెయ్యడానికి టైమే తక్కువ. వానల్లో ఇనుముకి పెయింటు పట్టదు, తేమ లోపల ఉండిపోయి ఆరు నెలలకే పొంగుద్ది, కార్తీకంలో పిక్నిక్ జనం, తర్వాత సంక్రాంతి, ఏప్రిల్ ఆఖరు నుంచి సెలవులు. మిగిలింది ఫిబ్రవరి, మార్చి. ఆ రెండు నెలల్లో వెళ్తే మూసినవి కనపడటం ఖాయం, అన్నీ ఎక్కాలంటే అప్పుడు వెళ్ళకండి. మే నెలలో వెళ్తే పది గంటల్లోపు వాటర్ సైడు చూసుకోండి, తర్వాత ఆ బండల మీద కాలు పెట్టలేరు, కొన్ని చోట్లే చల్లదనం పెయింటు వేశారు. బాత్రూములు ఆడవాళ్ళవి బాగానే ఉన్నాయంట, మగవాళ్ళవి బాలేదు. తిండి ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్తే గేటు దగ్గర ఆపుతారు, బయట చెట్టు కింద తినేసి వెళ్ళడమే.

నా రేటింగ్ 5కి 3. కొలంబస్, వీల్, మోటార్ల పనికి నాలుగున్నర ఇస్తా, గుహకి, డాషింగ్ కార్లకి ఒకటి. గుహ నెత్తిన రావి మొక్కలు పీకి చువ్వలు మార్చిన రోజు ఇక్కడే ఎడిట్ చేసి ఇంకో స్టార్ కలుపుతా. అప్పటిదాకా చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు గుహలోంచి కాకుండా పక్కన టాయ్ ట్రైన్ పట్టాల వెంట ఉన్న దారిలో వెళ్ళండి, రెండు నిమిషాలు ఎక్కువ పడుద్ది అంతే.