ప్రకటనా, చందానా, విరాళమా, యజమాని జేబా, జనం పన్నా? వార్తకు ఏ డబ్బు మేలు?

పత్రిక డెస్కులో చేరిన కొత్తలో నాకు ముందుగా అర్థమైన సంగతి, పేజీలోకి వార్త కంటే ముందు యాడ్ వచ్చి కూర్చుంటుందని. సాయంత్రం డమ్మీ, అంటే పేజీ నమూనా, చేతికొచ్చేసరికే యాడ్ల గళ్లు గీసి ఉండేవి. మిగిలిన జాగాలో మేం వార్తలు సర్దేవాళ్లం. ఒకరోజు రాత్రి పదిన్నరకి యాడ్స్ విభాగం నుంచి ఫోన్. “ఆ మూడో పేజీ బాటమ్ స్టోరీ ఒకసారి చూడరూ సార్? వాళ్లది రేపు ఫుల్ పేజీ ఉంది.” తీసెయ్యమని అనలేదు, పాపం. నాలుగు కాలాల స్టోరీ సింగిల్ కాలమైంది. సంస్థ పేరు పోయి ‘ఓ ప్రైవేటు సంస్థ’ వచ్చింది. ఎవరో బలవంతంగా చేయించారని చెప్పుకోవడానికీ లేదు. కోసింది నేనే.

ఇప్పుడు అలాంటి ఫోన్లు తగ్గాయంటే స్వేచ్ఛ పెరిగి కాదు, యాడ్లే తగ్గాయి. పత్రికలకు వచ్చే ప్రకటనల డబ్బులో పెద్ద వాటా గూగుల్, ఫేస్‌బుక్ యజమాని మెటా పట్టుకుపోయాయి. అమెరికాలో 2005 నుంచి మూడు వేలకు పైగా పత్రికలు మూతపడ్డాయి. జైళ్లూ హత్యలూ ఎలాగూ ఉన్నాయి, వాటికితోడు డబ్బుల్లేకపోవడం పత్రికా స్వేచ్ఛకు పెద్ద గండమైందని రిపోర్టర్స్ వితౌట్ బార్డర్స్ అనే సంస్థ 2025 పత్రికా స్వేచ్ఛ సూచీ విడుదల చేస్తూ చెప్పింది. మరి డబ్బు ఎక్కణ్నుంచి రావాలి? ఏ దారిలో ఎంత వస్తుందని అందరూ లెక్కలేస్తారు. నేను చూసేది వేరు. ఆ పత్రిక నోరు మూయించాలనుకున్నవాడు ఎందరి మెడలు వంచాలి?

ఈ కొలతలో ప్రకటనకు వచ్చేవి తక్కువ మార్కులే. పెద్ద ప్రకటనదారులు పదిమంది ఉంటారు, ప్రభుత్వమూ అందులో ఒకటి. పదిమందికి కబురు పంపితే చాలు. అయినా దానికో పుణ్యం ఉంది: జేబులో డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే వార్త అందుతుంది. ఆన్‌లైన్‌కి వచ్చాక ఆ ప్రకటనదారుడికీ డెస్కుకీ మధ్య ముఖపరిచయం పోయింది, యాడ్‌ని ఇప్పుడు మెషీన్ వేస్తోంది. ఇక మనల్ని ఎవరూ అడగరనుకున్నాం. పాత బాసు పోయి కొత్త బాసు వచ్చాడంతే, ఇతగాడు ఫోన్ కూడా చెయ్యడు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో బంధుమిత్రుల పోస్టులకు పెద్దపీట వేసి వార్తలను వెనక్కి నెట్టింది. దాన్నే నమ్ముకున్న సైట్లకు పాఠకులు రాత్రికి రాత్రే తగ్గిపోయారు. అలాంటి సైటు బజ్‌ఫీడ్ న్యూస్ 2021లో పులిట్జర్ బహుమతి గెలుచుకుంది, 2023 ఏప్రిల్‌లో మూసేస్తున్నామని ప్రకటించింది. పనిలో లోపం లేదు, పాఠకుణ్ని తెచ్చే దారే వేరేవాడి చేతిలో ఉండిపోయింది.

ఆ దారి ఎంత పరాయిదో కెనడా చూసింది. వార్తల లింకులకు గూగుల్, మెటా లాంటి వేదికలు పత్రికలకు డబ్బు కట్టాలని 2023 జూన్‌లో అక్కడ చట్టం వచ్చింది. గూగుల్ ఏడాదికి 10 కోట్ల కెనడా డాలర్లు ఇస్తానని ఒప్పుకుంది. మెటా మాత్రం ఆగస్టు నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కెనడా వాళ్లకు వార్తలే కనిపించకుండా చేసింది. సరిగ్గా ఆ నెలలోనే ఉత్తరాన కార్చిచ్చు రేగి యెల్లోనైఫ్ పట్టణం మొత్తం ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఏ రోడ్డు తెరిచి ఉందో చెప్పే వార్త లింకు పెడితే పోదు. జనం వార్తను స్క్రీన్‌షాట్ తీసి ఒకరికొకరు పంపుకున్నారు. ఇప్పుడు గూగుల్ కూడా వెతుకులాట పైనే ఏఐ సారాంశం పెడుతోంది. జవాబు అక్కడే దొరికితే కింద ఉన్న పత్రిక దాకా వచ్చే ఓపిక ఎవడికుంది?

యజమాని సంగతి చూద్దాం. మంచివాడైతే ఇంతకంటే సుఖం లేదు, ఆ ‘అయితే’ దగ్గరే వచ్చింది తంటా. జెఫ్ బెజోస్ 2013లో వాషింగ్టన్ పోస్టును 25 కోట్ల డాలర్లకు కొన్నాడు. చాలా ఏళ్లు డబ్బు పెట్టాడు, పెద్దగా జోక్యం చేసుకోలేదనే పేరు. 2024 అక్టోబరులో, ఎన్నికలకు రెండు వారాలు కూడా లేనప్పుడు, అధ్యక్ష అభ్యర్థికి మద్దతుగా సంపాదకీయం ఈసారి ఉండదని పత్రిక ప్రకటించింది. రాసి పెట్టుకున్నదాన్ని ఆపేశారు. కొద్ది రోజుల్లోనే రెండు లక్షల మందికి పైగా చందాలు రద్దు చేసుకున్నారు. పాఠకుల కోపం న్యాయమే. కానీ ఆ దెబ్బ యజమానికి దోమకుట్టినంత, రిపోర్టర్లకు మాత్రం కడుపు మీద.

హంగరీలో ఇంకా మోటుగా జరిగింది. నెప్‌సబాద్‌షాగ్ అనే, ప్రభుత్వాన్ని విమర్శించే పెద్ద దినపత్రిక సిబ్బందికి ఆఫీసు వేరే చోటికి మారుతోందని చెప్పారు. వాళ్లు తమ సామాన్లు అట్టపెట్టెల్లో సర్దిపెట్టుకున్నారు. 2016 అక్టోబరు 8, శనివారం ఉదయం, ఇళ్లకు కొరియర్ ఉత్తరాలు వచ్చాయి: పత్రిక ఆపేశాం, ఆఫీసుకు రావద్దు. నష్టాలే కారణమని యాజమాన్యం చెప్పింది. నష్టాలు నిజంగానే ఉన్నాయి, అందుకే ఆ కారణం అంత బాగా పనికొచ్చింది. పోలీసులు రాలేదు, సెన్సార్ అధికారీ రాలేదు. ఆ అట్టపెట్టెలు నాకు తరచూ గుర్తొస్తాయి. తన గొయ్యి తనచేతే తవ్వించడమంటే అదే.

యజమాని ఉన్నా బెడద లేని ఏర్పాటు ఒకటుంది, ట్రస్టు. బ్రిటన్ పత్రిక గార్డియన్ వెనక 1936 నుంచీ స్కాట్ ట్రస్టు ఉంది. లాభాలు పంచుకునే వాటాదారులు లేరు, పత్రికను అమ్ముకునే వారసులూ లేరు. ఎవరైనా ధనవంతుడు పత్రిక పెడతానంటే నేనడిగే మొదటి ప్రశ్న ఇదే: డబ్బు పెట్టాక దాన్ని వెనక్కి తీసుకోలేని కాగితం మీద సంతకం పెడతావా?

చందా దారి ప్రకటనకంటే, యజమాని జేబుకంటే గట్టిది. న్యూయార్క్ టైమ్స్ 2011 మార్చిలో ఆన్‌లైన్‌లో డబ్బు కడితేనే తెరుచుకునే గేటు పెట్టినప్పుడు నవ్వినవాళ్లు చాలామంది. 2023 చివరికి చందాదారులు కోటి దాటారు. అందులో వర్డిల్ అనే పదాల ఆట ఆడుకోవడానికీ, వంటల కోసమూ వచ్చినవాళ్లూ ఉన్నారు. పోనీండి, ఒకప్పుడు పదకేళీ కోసం పేపర్ తెప్పించుకున్నవాళ్లూ వార్తకు కూలి ఇచ్చినవాళ్లే కదా. నాకు ఎక్కువ నచ్చేది ఫ్రాన్స్‌లోని వార్తల సైటు మెదియాపార్. 2008లో పుట్టింది, ఒక్క యాడ్ కూడా వేయదు. ‘మమ్మల్ని కొనగలిగేది మా పాఠకులే’ అన్నది దాని నినాదం. బడ్జెట్ మంత్రి జెరోమ్ కయుజాక్‌కి విదేశంలో రహస్య ఖాతా ఉందని 2012 డిసెంబరులో రాసింది. ఆయన పార్లమెంటులోనే కాదన్నాడు, నాలుగు నెలలు తిరక్కుండా పదవి పోయింది, ఖాతా ఉందని ఒప్పుకున్నాడు. పన్ను ఎగవేతదారుల మీద విరుచుకుపడాల్సిన మంత్రి ఆయనే కావడం కథలో ఉప్పూకారం. యాడ్ విభాగమే లేని చోట రాత్రి పదిన్నర ఫోన్ ఎవరు చేస్తారు?

అయితే పన్ను నోటీసు రాగలదు. అచ్చు పత్రికలకిచ్చే తక్కువ పన్ను రేటు మాకూ వర్తించాలని మెదియాపార్ అలాగే కట్టింది. పన్ను శాఖ ఒప్పుకోక 40 లక్షల యూరోలకు పైగా కట్టమంది. చట్టం తర్వాత మారి ఆన్‌లైన్ పత్రికలకూ అదే రేటు ఇచ్చారు, పాత బాకీ మాత్రం అడిగారు. వేలమంది చందాదారులున్నారు కాబట్టి తట్టుకుంది. చిన్న సైటుకి అలాంటి నోటీసు ఒక్కటొస్తే దుకాణం కట్టెయ్యడమే.

చందాకు రెండు జబ్బులున్నాయి. మొదటిది, కట్టేవాళ్లు తక్కువ. పత్రికారంగాన్ని అధ్యయనం చేసే రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ ఏటా ఇరవై వరకూ సంపన్న దేశాల్లో లెక్క తీస్తే, ఆన్‌లైన్ వార్తకు డబ్బిచ్చేవాళ్లు 17, 18 శాతం దగ్గరే ఆగిపోతున్నారు. మిగతావాళ్లు గేటు బయట. నిజం గేటు లోపలా, పుకారు గేటు బయటా ఉంటే ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు. రెండోది, పాఠకుల మెడలు వంచలేనివాడు పాఠకుల డబ్బు వచ్చే గొట్టం వంచుతాడు. హాంకాంగ్‌లో ప్రజాస్వామ్యం కోరే దినపత్రిక యాపిల్ డైలీకి ప్రకటనదారులు భయపడి దూరమయ్యారు, పత్రిక 2019లో చందాలకు మళ్లింది, జనం కట్టారు. 2021 జూన్ 17న దాదాపు 500 మంది పోలీసులు ఆఫీసులోకి వచ్చారు. సంస్థ ఆస్తుల్లో 1 కోటి 80 లక్షల హాంకాంగ్ డాలర్లు స్తంభింపజేశారు. చందాదారులున్నారు, డబ్బూ ఉంది, జీతాలివ్వడానికి బ్యాంకు తలుపు తెరుచుకోదు. వారం తిరిగేసరికి, జూన్ 24న, చివరి సంచిక పది లక్షల కాపీలు అచ్చయింది. జనం బారులు తీరి కొన్నారు. లక్షల మెడలు నిటారుగానే ఉన్నాయి, బ్యాంకు మెడ ఒక్కటి వంగింది.

ఆన్‌లైన్‌కి వెళ్తే కాగితం బాధ తప్పుతుందన్నది మాత్రం నిజం. నికరాగువాలో లా ప్రెన్సా పత్రిక న్యూస్‌ప్రింట్‌ని కస్టమ్స్ వాళ్లు ఏడాది పైగా గోదాములో ఆపేశారు. 2021 ఆగస్టులో మళ్లీ కాగితం నిండుకుని అచ్చు ఆగింది, మరునాడే పోలీసులు వచ్చారు. ఆ పత్రిక ఇప్పుడు ప్రవాసంలో, తెర మీదే బతుకుతోంది. రీలు కాగితాన్ని గోదాములో పెట్టి తాళం వెయ్యొచ్చు, ఫోనుల్లో తిరిగే పేజీకి అంత తేలిగ్గా వెయ్యలేరు.

ఇవేవీ వద్దు, సంస్థా వద్దు, ఒక్కణ్నే ఛానల్ పెట్టుకుంటానని చాలామంది యువ మిత్రులు అంటుంటారు. చేతిలో కెమెరా, వెనక అభిమానులు. నా కొలతలో అన్నిటికంటే కింద ఉండేది ఇదే, ఎందుకంటే ఉన్నది ఒక్క మెడ. మాల్టాలో దాఫ్నీ కరువానా గలీజియా ఒంటరిగా బ్లాగు రాసేది. 2017లో ఒక మంత్రి పరువునష్టం దావాలు వేసి కోర్టు ద్వారా ఆమె ఖాతాలు స్తంభింపజేయిస్తే, పాఠకులు కొద్ది రోజుల్లోనే ఆ మొత్తం పోగేశారు. అంతవరకూ బాగుంది. ఆ ఏడాది అక్టోబరు 16న కారు బాంబుతో ఆమెను చంపేశారు. అప్పటికి ఆమె మీద 40కి పైగా దావాలున్నాయి, చాలావరకూ కుటుంబం నెత్తిన పడ్డాయి. వెనక లాయరు, పక్కన సహోద్యోగులు, ఒకరు పడిపోతే ఆ ఫైలు అందుకునే మరో చెయ్యి: సంస్థ అంటే అది. అల్గారిథమ్ అవేవీ ఇవ్వదు.

పన్ను డబ్బు గురించి ఎక్కువ చెప్పను. దూరం ఉంటే మంచిదే, లేకపోతే అది ప్రచార శాఖ. జర్మనీలో ఇంటికి నెలకు 18.36 యూరోల రుసుము. ఎంత కావాలో ఒక స్వతంత్ర కమిషన్ లెక్కగట్టి చెబుతుంది, బడ్జెట్‌లో మంత్రి దయతలిచి ఇచ్చేది కాదు. అమెరికాలో 1967లో పెట్టిన పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ డబ్బు మాత్రం చట్టసభ చేతిలోనే ఉండిపోయింది. 2025 జులైలో ఓటింగ్ పెట్టి 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకున్నారు. ముందుగా విలవిల్లాడింది రాజధానిలోని స్టూడియోలు కావు, వేరే దిక్కులేని మారుమూల రేడియో స్టేషన్లు. అయినా ఊరి మున్సిపాలిటీ మీటింగుకి వెళ్లి మూడు గంటలు కూర్చుని రాసే వార్తకు చందా ఎవడూ కట్టడు, యాడ్ ఎవడూ ఇవ్వడు. దానికి జనం పన్నే గతి, కమిషన్ అడ్డుగోడ ఉంటేనే.

మిగిలింది విరాళం. గేటు తెరిచి పెట్టి, చదివినవాళ్లలో ఇవ్వగలవాళ్లను ఇమ్మనడం. గార్డియన్ ఇలాగే పది లక్షల మందికి పైగా తోడు సంపాదించింది. హంగరీలో 2020 జులైలో ఇండెక్స్ సైటు ఎడిటర్‌ని తీసేస్తే డెబ్భై మందికి పైగా పాత్రికేయులు రాజీనామా చేసి, జనం తలాకొంత ఇచ్చిన విరాళాలతో టెలెక్స్ అనే సైటు పెట్టారు. మూసేస్తే అట్టపెట్టెలు పట్టుకుని ఇంటికెళ్లిన దేశంలోనే, నాలుగేళ్లకి.

ఐదింటిలో నా ఓటు దీనికే. కొత్తగా పెట్టేవాళ్లకు చెప్పేదీ ఇదే: విరాళం పునాది, మీద కొంచెం యాడ్, ఏ ఒక్కరి డబ్బూ లేకపోతే మూతపడేంత ఉండకూడదు. ఖాతా ఒకే బ్యాంకులో వద్దు, వీలైతే ఒకే దేశంలో వద్దు. దీనికీ బలహీనత ఉంది, దాచను. ఇచ్చేవాడికి తన పక్షం వాళ్లను ఉతికి ఆరేస్తే నచ్చదు. అలాంటి స్టోరీ వేసిన నెల విరాళాలు తగ్గుతాయి, మరుసటి నెల ఎడిటర్ చెయ్యి వణుకుతుంది. యాడ్ మేనేజర్ ఫోన్‌కి వణికిన నాకు ఆ వణుకు తెలుసు. తేడా ఒక్కటే, ఇక్కడ చెవిలో చెప్పి పని జరిపించుకోలేరు. ఇంతమంది కోపం బయటికి కనబడుతుంది, బయటే జవాబు చెప్పొచ్చు.

ఈ దారిని ఎంత దూరం నెట్టవచ్చో చూపించింది రష్యా వాళ్ల వార్తల సైటు మెదూజా. ఎడిటర్ గలీనా తిమ్చెంకో ఉద్యోగం పోగొట్టుకుని 2014లో లాత్వియాలోని రీగాలో పెట్టింది. యాడ్లతో బాగానే నడిచింది. 2021 ఏప్రిల్‌లో రష్యా ప్రభుత్వం ‘విదేశీ ఏజెంటు’ ముద్ర వేసింది. ఏ యాడ్‌నీ నిషేధించలేదు, ప్రతి వార్త మీదా ఆ ముద్ర పెద్దక్షరాల్లో వెయ్యాలని మాత్రమే అంది. యాడ్లు వాటంతటవే పోయాయి. పాఠకులను అడిగారు, వేలమంది నెలనెలా పంపారు. 2022లో యుద్ధం మొదలయ్యాక సైటును దేశంలో ఆపేశారు, బ్యాంకు లావాదేవీలు తెగిపోయాయి, రష్యాలోని దాదాపు 30 వేల మంది దాతల డబ్బు రావడం ఆగింది. 2023 జనవరిలో ‘అవాంఛనీయ సంస్థ’గా ప్రకటించారు. ఇక రష్యాలో ఉండి దానికి డబ్బు పంపడమే నేరం. 2025లో అమెరికా సాయం ఆగినప్పుడు ఇంకో దెబ్బ, సిబ్బందిని తగ్గించుకున్నారు.

రష్యాలోని దాతల దారి మూసుకుపోయినప్పుడు వాళ్లు చేసిన విజ్ఞప్తి నాకు బాగా గుర్తు. మా 30 వేల మంది పాఠకుల బదులు మీరివ్వండని బయటి దేశాల వాళ్లను అడిగారు. ఇచ్చారు. అలా ఇచ్చినవాళ్లలో చాలామందికి రష్యన్ చదవడం రాదు. రష్యాలో చదివేవాళ్లు ఇప్పటికీ ఆ అడ్డు దాటించే వీపీఎన్ పెట్టుకుని చదువుతున్నారు, వాళ్లు పైసా పంపడానికి లేదు.