పాత డెస్క్‌టాప్‌కు కొత్త ర్యామ్, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్: కొన్నేళ్లు వాడాక

నేను రోజూ పనిచేసే డెస్క్‌టాప్‌లో ఉన్నది 2012లో వచ్చిన కోర్ ఐ5-3470 ప్రాసెసర్. హెచ్61 మదర్‌బోర్డు (భాగాలన్నీ అమరే పలక), ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు వాడుకునే మెమరీ) పెట్టడానికి రెండే స్లాట్లు, 500 జీబీ హార్డ్ డిస్క్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కొన్నప్పుడు 4 జీబీ ర్యామ్, 32 బిట్ విండోస్ 7 ఉండేవి. 2023లో ర్యామ్‌ను 16 జీబీకి పెంచి, విండోస్ స్థానంలో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాను. అప్పటి నుంచి ఉత్తరాలు, లెక్కలు, ఫోటోలు, బ్రౌజింగ్ అన్నీ దీని మీదే.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఈ మార్పుతో కంప్యూటర్ వేగం పెరగలేదు, మధ్యమధ్యలో స్తంభించిపోవడం మానేసింది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని డబ్బు పెట్టేవారికి నిరాశ తప్పదు. తేడా తెలిసి పెట్టేవారికి మాత్రం పాత యంత్రం మీద ఇంతకంటే సార్థకమైన ఖర్చు లేదు.

మార్చక ముందు పరిస్థితి ఇది. బ్రౌజర్‌లో నాలుగైదు పేజీలు తెరిచి, పక్కన ఒక డాక్యుమెంటు పెట్టుకుంటే చాలు, మౌస్ కదలడానికి కూడా ఆలోచించేది. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుని ఉండేది. మెమరీ మాత్రం నిండిపోయి, క్యాబినెట్ ముందున్న హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూ ఉండేది. ర్యామ్‌లో చోటు చాలనప్పుడు సిస్టమ్ కొంత సరుకును డిస్క్ మీదికి తోసి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టుకే 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు, డిస్క్‌ను చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, ఆ పైన హెడ్ జరగడానికి పట్టే సమయం. ర్యామ్‌లో అదే పని నానోసెకన్లలో ముగుస్తుంది. అంటే తేడా లక్ష రెట్ల స్థాయిలో ఉంటుంది. దానికి తోడు అదే సమయంలో యాంటీవైరస్ స్కాన్ మొదలైతే గోరుచుట్టు మీద రోకటిపోటే. ఇలాంటి యంత్రానికి ప్రాసెసర్ పాతబడిందని సర్టిఫికెట్ ఇచ్చేసి మూలన పడేసేవారు చాలామంది.

అయితే ర్యామ్ ఒక్కటే కొని గుచ్చితే పని జరగదు. 32 బిట్ విండోస్ 7 ఉన్న కంప్యూటర్‌లో 8 జీబీ పెట్టి సిస్టమ్ వివరాలు చూడండి. ఉన్నది 8 జీబీ అనీ, వాడుకోగలిగింది మూడున్నర జీబీకి అటూ ఇటూ అనీ కనిపిస్తుంది. 32 బిట్లతో 4,29,49,67,296 చిరునామాలే రాయగలం. అదే 4 జీబీ. అందులోనూ కొంత భాగం గ్రాఫిక్స్‌కూ, ఇతర పరికరాలకూ పోతుంది. మిగతా ర్యామ్ స్లాట్‌లో అలంకారంగా ఉంటుంది. 32 బిట్ విండోస్‌ను ఉన్నపళంగా 64 బిట్‌కు మార్చే దారి కూడా లేదు, ఫైళ్లు దాచుకుని మొదటి నుంచీ ఇన్‌స్టాల్ చేయవలసిందే. 64 బిట్‌లోనూ విండోస్ 7 హోమ్ బేసిక్ అయితే 8 జీబీకి, హోమ్ ప్రీమియం అయితే 16 జీబీకి పరిమితం. అందుకే ర్యామ్, ఆపరేటింగ్ సిస్టమ్ అనే రెండు నిర్ణయాలను ఒకేసారి తీసుకోవాలి.

ర్యామ్ కొనే ముందు బోర్డు ఎంత భరిస్తుందో చూసుకోవాలి. నా ప్రాసెసర్ 32 జీబీ వరకు చూడగలదు, కానీ హెచ్61 బోర్డులో స్లాట్లు రెండే, ఒక్కోదానిలో 8 జీబీకి మించి పెట్టలేం కాబట్టి 16 జీబీ దగ్గర ఆగాలి. క్యాబినెట్ విప్పకుండానే ఏ స్లాట్‌లో ఏముందో విండోస్‌లో సీపీయూ-జడ్, లినక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే ప్రోగ్రాములు చెబుతాయి. నాకు కావలసింది డీడీఆర్3 తరం ర్యామ్. దాని తర్వాతి తరమైన డీడీఆర్4 స్టిక్‌కు (ర్యామ్ పలకకు) 288 పిన్నులు, డీడీఆర్3కి 240. గాటు కూడా వేరే చోట ఉంటుంది కాబట్టి ఎంత బలం పెట్టినా ఎక్కదు. చవకగా అమ్మే 8 జీబీ డీడీఆర్3 స్టిక్కుల్లో కొన్ని ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికొస్తాయి. వివరాల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పెడితే తెర నల్లగానే ఉంటుంది. ధర చూసి సంబరపడే ముందు ఆ ఒక్క వాక్యం వెతకండి.

ఒకే 8 జీబీ స్టిక్ కంటే రెండు 4 జీబీ స్టిక్కులు మేలు. రెండు చానళ్లూ (మెమరీ దారులూ) పనిచేస్తే మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి రెట్టింపవుతుంది. నాలాగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో నెట్టుకొచ్చేవారికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌లోంచే వాటా తీసుకుంటుంది. ఒకటి 1333, ఇంకొకటి 1600 వేగానివైతే రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి, అంతే.

అమర్చడం గురించి భయపడేవారికి కొంచెం వివరంగా చెబుతాను. కరెంటు తీగ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు అక్కడితో పోతుంది. స్లాటు రెండు చివర్లా ఉన్న క్లిప్పులు బయటికి తోస్తే పాత స్టిక్ దానంతటదే పైకి లేస్తుంది. స్టిక్ కింది గాటు సరిగ్గా మధ్యలో ఉండదు, కొద్దిగా పక్కకు ఉంటుంది. దాన్ని స్లాటులోని గట్టుతో కలిపి నిలబెట్టి, రెండు చివర్లనూ బొటనవేళ్లతో ఒకేసారి నొక్కాలి. బోర్డు కొద్దిగా వంగినట్టు అనిపించి గుండె ఝల్లుమంటుంది, ఫరవాలేదు. క్లిప్పులు టప్పున మూసుకున్నాయంటే కూర్చున్నట్టే. ఆన్ చేయగానే వరసగా బీప్ శబ్దాలు వస్తే తొంభై పాళ్లు స్టిక్ పూర్తిగా దిగలేదనో, బంగారు రంగు పట్టీల మీద మురికి ఉందనో అర్థం. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపేసి మళ్లీ పెడితే సరిపోతుంది.

వాడిన స్టిక్కులు కొనడంలో తప్పేమీ లేదు, నావీ అవే. కాకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టకముందే పెన్ డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడిపి ఒక రాత్రంతా వదిలేయాలి. ఎర్ర గీత ఒక్కటి కనిపించినా ఆ స్టిక్ వెనక్కి ఇచ్చేయాలి. చెడిన ర్యామ్ మీద ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్ ఎప్పుడో ఒకప్పుడు ఫైళ్లను పాడుచేస్తుంది, నింద మాత్రం సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది.

ఇక ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. ఆ తర్వాత కూడా కొంతకాలం నడుస్తుంది కదా అనుకున్నవారికి క్రోమ్ 109 తర్వాతి వెర్షన్లు దాని మీద ఆగిపోవడంతో దారి మూసుకుపోయింది. విండోస్ 10 వేసుకునే వీలుండేది, కానీ దాని గడువు 2025 అక్టోబర్ 14 అని అప్పటికే తెలుసు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్‌లో అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే జాబితాలో ఉన్నాయి. మూడో తరం ప్రాసెసర్ దాని గుమ్మం కూడా ఎక్కలేదు. ఆ తనిఖీలను తప్పించి ఎక్కించే చిట్కాలు ఉన్నాయి. అలా ఎక్కించిన కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌ను అలాంటి అనుమానం మీద నడపడం నాకు నచ్చదు.

అందుకే మింట్. మొదట 21 వరస, తర్వాత 22. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్ డ్రైవ్ నుంచి నడిపి వైఫై, శబ్దం, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకునే వీలుంది. ఆ పని తొందరపడకుండా చేయండి. 16 జీబీ ఉన్నప్పుడు మింట్‌లోని సిన్నమన్ డెస్క్‌టాప్ (తెర మీది రూపం) హాయిగా నడుస్తుంది. 4 జీబీతోనే సర్దుకోవలసి వస్తే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ తీసుకోండి. 21.3 నుంచి 22కు మారే పనికి ఒక సాయంత్రం పట్టింది. ముందు టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాంతో, వెనక్కి వెళ్లడానికి వీలుగా సిస్టమ్ నకలు తీసుకుని మొదలుపెట్టాను, దాని అవసరం పడలేదు. 22కు 2029 వరకు మద్దతు ఉంది.

కొత్తగా మారినవారు టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) ‘ఫ్రీ’ ఆదేశం కొట్టి కంగారుపడతారు. ర్యామ్ పెంచినా ఖాళీ ఏమీ మిగల్లేదే అని. ‘ఖాళీ’ అన్న అంకె చూడకండి, ‘అందుబాటు’ అన్నది చూడండి. వాడకంలో లేని ర్యామ్‌ను లినక్స్ ఊరికే ఉంచదు, డిస్క్ నుంచి చదివిన ఫైళ్లను అందులో దాచి ఉంచుతుంది. ఏదైనా ప్రోగ్రాం అడిగితే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. హార్డ్ డిస్క్ మీదే ఉన్న రోజుల్లో లిబ్రే ఆఫీస్ పొద్దున మొదటిసారి తాపీగా తెరుచుకునేది, మూసి మళ్లీ తెరిస్తే కళ్లముందు ఉండేది. ఎక్కువ ర్యామ్ ఇచ్చే అసలు సుఖం అదే.

మామూలు వాడకానికి 8 జీబీ చాలు. నాకు 16 పనికొచ్చింది మరో కారణంతో. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లతో చేసిన పాత డీటీపీ ఫైళ్లు కొన్ని ఉన్నాయి, అవి విండోస్‌లోనే తెరుచుకుంటాయి. స్కానర్‌కు తయారీదారు ఇచ్చిన డ్రైవర్ కూడా విండోస్‌కు మాత్రమే. ప్రింటింగ్ మింట్‌లో తొలిరోజే పనిచేసింది గాని స్కానింగ్ ఎంత వెతికినా కుదరలేదు. దాంతో ఒక సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఒక విండోస్ 7 పెట్టి, దానికి 4 జీబీ కేటాయించి, ఇంటర్నెట్ లేకుండా బంధించాను. దానికి బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేసుకోవాలి, చాలా బోర్డుల్లో అది ఆపి ఉంటుంది. స్కానర్‌ను యూఎస్‌బీ మీదుగా లోపలి విండోస్‌కు అప్పగిస్తే మారుమాట లేకుండా పనిచేస్తోంది. పాత సిస్టమ్‌ను వదిలించుకోలేనివారికి రెండు సిస్టమ్‌లు పక్కపక్కన పెట్టి ప్రతిసారీ రీస్టార్ట్ చేయడం కంటే ఇది ఎంతో నయం.

తెలుగు టైపింగ్‌కు ఇబ్బంది లేదు. లినక్స్‌లో టైపింగ్ చూసుకునే ఐబస్‌కు ఎం17ఎన్ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్టీఎస్ పద్ధతులు మూడూ దొరుకుతాయి. వర్డ్ ఫైళ్లలో పేజీలు కింద మీద కావడం మాత్రం మొదట్లో విసిగించింది. కాలిబ్రీ కొలతలకు సరిపోయే కార్లిటో ఫాంటు ఉంటే ఆ గోల చాలావరకు తగ్గుతుంది. చిక్కటి పట్టికలున్న ఫైళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు చెదురుతాయి, వాటిని పీడీఎఫ్‌గా పంపుతాను.

ర్యామ్ తీర్చలేనివి కూడా చెప్పాలి. ఈ ప్రాసెసర్‌లోని హెచ్‌డీ 2500 గ్రాఫిక్స్‌కు వీడియోను కుదించే పద్ధతుల్లో హెచ్.264 తెలుసు, కొత్తవైన వీపీ9, ఏవీ1 తెలియవు. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా ఆ కొత్త పద్ధతుల్లోనే పంపుతుంది కాబట్టి విప్పే భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాను హోరెత్తుతుంది. హెచ్.264నే అడిగేలా చేసే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నాక 1080 వరకు సాఫీగా సాగుతోంది. 4కే మీద ఆశ వదులుకోండి.

ఇంకో చిన్న పీడ. ఈ వయసు బోర్డుల్లో సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది. కరెంటు తీగ పీకి ర్యామ్ మార్చగానే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. దాంతో వెబ్‌సైట్లన్నీ భద్రతా సర్టిఫికెట్ చెల్లదని మొరాయిస్తాయి. కొత్త సిస్టమ్‌లో ఇంటర్నెట్ చెడిపోయిందని కనిపించిన సెట్టింగునల్లా తిప్పేవారిని చూశాను. క్యాబినెట్ ఎలాగూ విప్పుతారు, ఆ నాణెం బ్యాటరీ కూడా మార్చేయండి.

తర్వాత ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) కూడా పెట్టాను. ‘వేగం పెరిగింది’ అనదగ్గ రోజు అదే. హెచ్61లో డిస్క్‌ను బోర్డుకు కలిపేది పాత సాటా, సెకనుకు 3 గిగాబిట్లు దాటదు. కాబట్టి ఎస్‌ఎస్‌డీ పూర్తి శక్తి బయటికి రాదు, కానీ హెడ్ అటూ ఇటూ తిరిగే ఎదురుచూపు పోయింది. ఒక్కదానికే డబ్బుంటే ఏది ముందు? 4 జీబీ, అంతకంటే తక్కువ ఉంటే ర్యామ్. ఇప్పటికే 8 ఉంటే ఎస్‌ఎస్‌డీ. ఎస్‌ఎస్‌డీ ముందు పెట్టి 4 జీబీతో నడిపితే స్తంభించడం కొంత తగ్గుతుంది గాని, చాలని మెమరీ భారమంతా దాని మీద రాతలుగా పడుతుంది.

ఇంతకు మించి ఈ కంప్యూటర్ మీద నేను ఖర్చు పెట్టను. ఈ డీడీఆర్3 స్టిక్కులు రేపు కొనే ఏ కొత్త బోర్డులోనూ పట్టవు, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కూడా ఇదే తరంతో ముగిసింది. అందుకే కొత్త స్టిక్కుల జోలికి వెళ్లకుండా వాడినవి కొన్నాను. ఎస్‌ఎస్‌డీ మాత్రం కొత్తదే తీసుకున్నాను, ఈ బోర్డు చేతులెత్తేసిన రోజున అది ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు పెట్టుకోవచ్చు.