యాసంగికి ఏది నమ్మాలి: ఎల్ నినో వార్తనా, సాగర్ మట్టాన్నా?

దసరా దాటిందంటే ఫోన్లో ఒకటే ప్రశ్న. "అన్నా, ఈసారి ఎల్ నినో అంటున్నరు, వరి ఏద్దామా, పల్లి ఏద్దామా?" మిర్యాలగూడ వాళ్లూ అదే అడుగుతారు, అచ్చంపేట వాళ్లూ అదే. మిర్యాలగూడది నాగార్జునసాగర్ కాలువ కింది సాగు, అచ్చంపేటది పాలమూరు బోర్ల కింది సాగు. ఇద్దరికీ ఒకే జవాబు కుదరదు.

ఎల్ నినో అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కడం. అలా వేడెక్కితే నైరుతి దెబ్బతింటుందని మనకు వినీవినీ అలవాటే. అదే వేడి ఈశాన్య రుతుపవనాలకు ఊతమిస్తుందన్న సంగతే మరుస్తాం. 2015 ఎల్ నినో ఏడు, దాని చివర్లో చెన్నై మునిగింది. అదే ఏడు మన సాగర్ నిండనే లేదు. ఈశాన్య వానల్లో పెద్ద వాటా తమిళనాడుది, దక్షిణ కోస్తాది. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే తప్ప మనకు దక్కేది అంతంతే. అది ఎప్పుడు లేస్తుందో పసిఫిక్‌ను చూసి చెప్పలేం. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం తెలంగాణను ముంచెత్తింది. అది లా నినా ఏడు, అంటే పసిఫిక్ చల్లబడ్డ ఏడు, లెక్కప్రకారం ఈశాన్యం నీరసించాల్సిన ఏడు!

అందుకే కాలువ కింది రైతుకు సాగర్ మట్టమే చూడమంటాను. కృష్ణకు నీళ్లు పడమటి కనుమల్లో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానలతో వస్తాయి. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటాకే మన వంతు. సముద్రం చేసిన మేలూ కీడూ అక్టోబరుకల్లా ఆ మట్టంలోకి వచ్చేసి ఉంటాయి. సాగర్ 590 అడుగులకు, శ్రీశైలం 885కు, అంటే నిండు మట్టానికి దగ్గరుంటే ధీమాగా నారు పోయొచ్చు. సాగర్ 510 వైపు జారుతుంటే మాత్రం ఆశ పెట్టుకోకండి. హైదరాబాద్ తాగునీళ్లు కూడా అందులోంచే పోవాలి.

హిందూ మహాసముద్రపు డైపోల్, అంటే ఆ సముద్రపు పడమటి, తూర్పు వైపుల వేడిలో తేడా, దాని సంగతీ కొందరు అడుగుతారు. 2019లో అది బలంగా అనుకూలించింది, సాగర్ గేట్లు లేచాయి. 2023లోనూ అనుకూలమే, అయినా ఆగస్టులో దేశంలో చాలాచోట్ల ఎండింది. దాన్ని పట్టుకుని విత్తనాలు కొనకండి.

పాలమూరు బోర్ల కింద లెక్క వేరు. రాతినేలలో నీళ్లు నిలిచేది తక్కువ, వానకాలం లోటు నేరుగా బోరులో తెలుస్తుంది. కార్తీకంలో మోటారు ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుందో చూసుకోండి. మధ్యలో గాలి తన్నుతుంటే పల్లీయే మేలు.

మాది కాలువ చివరి తూము. సాగర్ 550 దాటని ఏడు నేను నారు పోయను. దాటినా సగం పొలానికే.