“1977 శాన్ హోసే” పిజ్జా టోకెన్లు కొనేవారికి హెచ్చరిక: ముందు అంచు చూడండి

చక్ ఇ. చీజ్, షోబిజ్ లాంటి పిజ్జా రెస్టారెంట్ల పాత ఆట టోకెన్లు సేకరించే మిత్రులకు ఒక విన్నపం. “1977, మొట్టమొదటి దుకాణం, అసలు వాడనిది” అన్న మాటలు చూడగానే డబ్బు పంపకండి. నేను పంపాను. 180 డాలర్లు పోయాయి, చేతిలో పోత పోసిన నకలు మిగిలింది.

మేం ఉండేది శాన్ హోసే దగ్గరే. పిల్లల చిన్నతనంలో పుట్టినరోజంటే చక్ ఇ. చీజ్‌కే వెళ్లేవాళ్లం. లోపలికి వెళ్లగానే ప్రతి పిల్లవాడి చేతిలో ఒక ప్లాస్టిక్ గ్లాసు, దాని నిండా ఇత్తడి టోకెన్లు. ఆ గలగల ఇప్పటికీ చెవుల్లో ఉంది. తర్వాత టోకెన్ల స్థానంలో కార్డులు వచ్చాయి. మా అమ్మాయి కాలేజీకి వెళ్లాక గది సర్దుతుంటే పాత పెన్సిల్ డబ్బాలో ఒక టోకెను దొరికింది. “ఇన్ పిజ్జా వుయ్ ట్రస్ట్” అని దాని మీద ఉంది. అమెరికా నాణేల మీద దేవుడి పేరుతో ఉండే వాక్యంలో దేవుణ్ణి తీసి పిజ్జాను పెట్టారు. అదే నా మొదటి టోకెను. ఈ ఐదేళ్లలో రెండు వందలు దాటాయి.

శాన్ హోసే పేరు చెబితే మాలాంటివాళ్లం ఎందుకు మెత్తబడతామో అమ్మేవాళ్లకు బాగా తెలుసు. వీడియో గేముల సంస్థ అటారీ స్థాపకుల్లో ఒకరైన నోలన్ బుష్నెల్ 1977 మే నెలలో మొదటి పిజ్జా టైమ్ థియేటర్‌ను, అంటే నేటి చక్ ఇ. చీజ్‌ను, తెరిచింది ఈ ఊళ్లోనే, వించెస్టర్ బులవార్డ్ మీద. పిజ్జా కాలే లోపు పిల్లలు ఆటయంత్రాల దగ్గర గడపాలి, కదిలే బొమ్మలు పాటలు పాడాలి అన్నది ఆయన ఆలోచన. అందుకే ఆ తొలినాళ్ల టోకెను అంటే మాకు అంత మోజు.

ఒక అమ్మకాల సైటులో నేను చూసిన ప్రకటనలో పన్నెండు టోకెన్లు ఉన్నాయి. పది మామూలువే, ఒక్కొక్కటి రెండు మూడు డాలర్లకు ఎక్కడైనా దొరికేవి. పదకొండోది “1977 శాన్ హోసే, వాడనిది”. పన్నెండోది “1978 షోబిజ్, ప్రయోగాత్మక ముద్రణ”. ధర 200. నేను ప్రశ్న అడగగానే అమ్మకందారు నుంచి ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది: సైటు బయట చెల్లిస్తే రుసుము మిగులుతుంది, అందులో 20 తగ్గిస్తాను, కొనుగోలుగా కాకుండా స్నేహితులకు పంపే పద్ధతిలో పంపండి అని. పంపాను.

ఆ “1978 షోబిజ్” అన్న మాట దగ్గరే నేను ఆగిపోవాల్సింది. షోబిజ్ పిజ్జా ప్లేస్ మొదటి శాఖ తెరిచింది 1980లో, మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో. 1978లో ఆ పేరే లేదు. రెండు సంస్థలూ ఒకటైంది ఇంకా తర్వాత, 1984లో పిజ్జా టైమ్ థియేటర్ దివాలా తీశాక. ఇదంతా నాకు తెలుసు, నోటికి వచ్చు. శాన్ హోసే అన్న మాట మీద కళ్లు నిలిచిపోయి, పక్కనున్న అబద్ధం కనిపించలేదు. దయచేసి మీరు కట్టలో ఉన్న ప్రతి టోకెను వివరాన్నీ విడివిడిగా చదవండి. ఒక దాని గురించి అబద్ధం రాసినవారు రెండోదాని గురించి నిజం రాస్తారని నమ్మడానికి కారణం లేదు.

పార్శిల్ విప్పగానే ఆ “1977” టోకెను రంగు తేడాగా అనిపించింది. పాత ఇత్తడికి తేనె రంగు ఉంటుంది, అక్షరాల మూలల్లో కాస్త నల్లదనం దిగి ఉంటుంది. ఈ టోకెను లేత గులాబీ ఛాయలో మెరుస్తోంది. మా అమ్మ ఇత్తడి బిందెను చింతపండుతో తోమి కడిగినప్పుడు అచ్చం ఇదే ఛాయ వచ్చేది. పులుపు ఇత్తడి పైపొరలోని జింకును తినేస్తే కింది రాగి బయటపడుతుంది. అంటే దీన్ని ఏదో ఆమ్లంలో ముంచి తీశారు. వాడనిదైతే అంత తోమాల్సిన అవసరం ఏమిటి?

భూతద్దం తెచ్చి అంచు చూశాను. టోకెను చుట్టూ, సరిగ్గా మధ్యలో, వెంట్రుక మందాన ఒక గీత ఉంది. ఒక చోట దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తులు కూడా ఉన్నాయి. అసలు టోకెన్లను నాణేల్లాగే లోహపు బిళ్ల మీద అచ్చు కొట్టి చేస్తారు, అలాంటి అతుకు గీత రాదు. రెండు సగాల మూసలో కరిగిన లోహం పోసినప్పుడు వస్తుంది. “చీజ్” అన్న మాటలోని ఇంగ్లీషు “ఇ” అక్షరాల కడుపులు పూడుకుపోయి ఉన్నాయి. టోకెను మీద ఉండే చక్ ఇ. చీజ్ ఎలుక బొమ్మ చెవి దగ్గర సూదిమొనంత బెజ్జాలు మూడు. మొహం కొవ్వొత్తి కరిగినట్టు మెత్తగా ఉంది.

అయస్కాంతం పరీక్ష ఒక్కటే చాలనుకోవద్దు. పూత పూసిన ఇనుమైతే అది పట్టిస్తుంది గానీ ఇత్తడితోనే పోసిన నకలును పట్టించలేదు. నా దగ్గరికి వచ్చింది అయస్కాంతానికి అంటుకోలేదు, అందుకే మొదటి పది నిమిషాలు ఊరట పడ్డాను. నగలు తూచే చిన్న త్రాసు ఉంటే బరువు చూడండి, అయితే అదే నమూనా టోకెనుతోనే పోల్చండి. వేర్వేరు నమూనాల బరువులు పోల్చితే ఏమీ తేలదు.

అమ్మకందారుకు ఫోటోలు పంపితే “ఆ కాలం టోకెన్లు అలాగే ఉండేవి” అని ఒక్క జవాబు వచ్చింది. ఆ తర్వాత మౌనం. సైటువాళ్లను అడిగితే లావాదేవీ తమ ద్వారా జరగలేదు గనుక ఏమీ చేయలేమన్నారు. స్నేహితులకు పంపినట్టు చెల్లించాను గనుక డబ్బు పంపే సంస్థ కూడా అదే మాట చెప్పింది. వారిని నేను తప్పుపట్టను. ఆ 20 డాలర్ల తగ్గింపుకు నేను అమ్ముకున్నది కొనుగోలుదారుకు ఉండే రక్షణనే.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం, గత వారం అదే ఫోటో మళ్లీ కనిపించింది. వేరే పేరు, వేరే ఊరు, ధర 160. ఫోటోలోని టోకెను మీద గడియారంలో రెండు అంకె ఉండే చోట ఒక వాలు గీత ఉంటుంది, వెనుక ఆకుపచ్చ తువ్వాలు. నాకు వచ్చినదాని మీద ఆ గీత లేదు, అంటే ఫోటోలోది వేరే టోకెను. ఆ గీత, ఆ తువ్వాలు కనిపిస్తే కొనేముందు ఒక్కటే అడగండి: ఈ రోజు వార్తాపత్రిక మీద టోకెనును నిలబెట్టి, అంచు కనిపించేలా ఫోటో తీసి పంపమనండి. నేను వేరే పేరుతో అడిగి నాలుగు రోజులైంది. ఇంతవరకు జవాబు లేదు.